డీజిల్ తెచ్చిన నిశ్శబ్దం

అందరికీ నమస్కారం. ఈ మైకు కొంచెం పక్కకు జరుపుతాను. ముప్పై ఆరేళ్లు నడిచే ఇంజన్ల పక్కన నిలబడి కేకలేసినవాణ్ణి, నా గొంతు వెనక వరసదాకా దానంతటదే వస్తుంది. (నవ్వులు)

"ప్రశాంతమైన పల్లె జంక్షన్, డీజిల్ రైళ్ల రోజులు" మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మీ కళ్లకు ఏం కడుతుందో నాకు తెలుసు. ఒక వేపచెట్టు, దాని కింద సిమెంటు బెంచీ, బెంచీ మీద నిద్రపోయే మనిషి, దూరంగా నల్లటి పొగ వదులుతూ వచ్చే ఇంజన్. బొమ్మ బాగుంది. దాన్ని చూసి మనం ఏమనుకుంటాం? ప్రశాంతత ముందునుంచీ అక్కడే ఉంది, అందులోకి డీజిల్ బండి వచ్చి కాసేపు చప్పుడు చేసి పోయింది అనుకుంటాం. నేను చూసింది దానికి తలకిందులు. నేను వెళ్లినప్పుడు ఆ జంక్షన్ ఒక సంత. దాని నోరు మూయించింది డీజిలే. ఈ ఒక్క సంగతే చెబుదామని వచ్చాను, మధ్యలో పక్క లైన్లలోకి పోతే మన్నించండి.

జంక్షన్ పేరు చెప్పను. నా కథల్లో ఉన్నవాళ్లలో కొందరు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. గుంతకల్లు డివిజన్, మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య మీటరు వెడల్పే ఉండే చిన్న లైను, అని మాత్రం చెబుతాను. ద్రోణాచలం అంత పేరున్నది కాదు, పాకాల అంత యాత్రికుల రద్దీ ఉన్నదీ కాదు. నేను 1976లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా చేరి, 1979లో అక్కడికి బదిలీ అయ్యాను. అంతకు రెండేళ్ల ముందే, 1977 అక్టోబరు 2న, గుంతకల్లు డివిజన్‌ను సదరన్ రైల్వేలోంచి తీసి సౌత్ సెంట్రల్‌లో కలిపారు. నేను వెళ్లేసరికి పాత ఫారాలు ఇంకా అయిపోలేదు. ప్రతి కాగితం మీదా "సదరన్" కొట్టేసి పైన "సౌత్ సెంట్రల్" అని రాసేవాళ్లం. నా అక్షరాలు కాస్త కుదురుగా ఉన్నాయంటే ఆ పుణ్యమే.

సంత అన్నాను కదా. ఆవిరి ఇంజన్ తిండిపోతు, దాని చుట్టూ ఒక ఊరు బతకాలి. నీళ్లు తాగాలి, బొగ్గు తినాలి, పొయ్యి శుభ్రం చేసుకోవాలి, నూటయాభై రెండొందల కిలోమీటర్లు నడిచాక దిగి పడుకోవాలి. అందుకని ప్రతి పెద్ద జంక్షన్లోనూ లోకో షెడ్డు, బూడిద గుంట, బొగ్గు దిబ్బ, ఏనుగు తొండంలా వేలాడే నీళ్ల గొట్టం, ఇంజన్‌ను తిప్పడానికి టర్న్‌టేబుల్ ఉండేవి. షెడ్డులో ఫిట్టర్లు, బాయిలర్ పనివాళ్లు, ఖలాసీలు. ఒక్కో ఇంజన్ మీద డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మేన్లు. పొరుగూరి నుంచి వచ్చిన సిబ్బందికి రన్నింగ్ రూము, అందులో వంటమనిషి. డ్యూటీ ఎక్కాల్సినవాళ్లను ఇంటికెళ్లి లేపడానికి కాల్‌బాయ్. బాయ్ అంటున్నానే గానీ, మాకున్న కాల్‌బాయ్‌కి యాభై ఏళ్లు. (నవ్వులు) అర్ధరాత్రి లాంతరు, పుస్తకం పట్టుకుని తలుపు తట్టి, సంతకం పెట్టించుకునేదాకా కదిలేవాడు కాదు. ఇంటాయన లేచినా లేవకపోయినా పక్కింటివాళ్లందరూ లేచేవాళ్లు.

బూడిద గుంట దగ్గర తెల్లవారకముందే పది పదిహేను మంది ఆడవాళ్లు గంపలతో కూర్చునేవాళ్లు. ఇంజన్ పొయ్యి దులిపినప్పుడు సగం కాలిన బొగ్గు పడుతుంది. దాన్ని నీళ్లు చల్లి ఆర్పి ఏరుకునేవాళ్లు. కొంత ఇంటి పొయ్యికి, మిగతాది హోటళ్లకు. ఊళ్లో సగం ఇడ్లీలు రైల్వే బొగ్గు మీదే ఉడికేవి. రూలు ప్రకారం నేరం. పట్టుకోవాల్సిన మనిషి కూడా ఆ హోటల్లోనే టిఫిను చేసేవాడు. చలికాలంలో గ్యాంగ్‌మేన్లు బిందెలు పట్టుకొచ్చి "అన్నా, రవ్వంత ఉడుకునీళ్లు" అనేవాళ్లు, డ్రైవరు ఇంజన్లోంచి వదిలేవాడు. ప్రతి బండీ నీళ్ల కోసం, ఇంజన్ మార్పు కోసం ఇరవై నిమిషాలు, అరగంట ఆగేది. ఆ అరగంటే ప్లాట్‌ఫారం మీద దోసెలవాళ్లకు, జామకాయలవాళ్లకు, బత్తాయిలవాళ్లకు బతుకు.

ఇక డీజిల్ సంగతి. దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయింది. కానీ ఉన్నవి ఉన్నాయి కదా, వాటిని అరిగేదాకా నడపాలి. పైగా 1973 చివర్లో చమురు ధర ఎగిరి కూర్చుంది, బొగ్గేమో మన గనుల్లోదే. అందుకని మీటర్ గేజ్ మూలల్లో ఆవిరి చాలా కాలం బతికింది. నేను వెళ్లేనాటికి మా జంక్షన్లో కొన్ని గూడ్సు బండ్లకు డీజిల్, ప్యాసింజర్లకు ఇంకా ఆవిరి.

మాకొచ్చిన డీజిల్ పేరు వైడీఎం-4. ఇందులో మంత్రమేమీ లేదు. వై అంటే మీటర్ గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజర్‌కూ గూడ్సుకూ రెండింటికీ పనికొచ్చేది. బ్రాడ్ గేజ్ మీద, అంటే వెడల్పు పట్టాల మీద, దీని పెద్దన్న డబ్ల్యూడీఎం-2. ఇద్దరిదీ అమెరికా వంశం, ఆల్కో అనే కంపెనీ. వాళ్ల దగ్గర తయారీ విద్య తీసుకుని వారణాసిలో మనం కార్ఖానా పెట్టుకున్నాం. అక్కడి నుంచి తొలి బ్రాడ్ గేజ్ ఇంజన్ 1964 జనవరిలో బయటికొచ్చింది, లాల్ బహదూర్ శాస్త్రిగారు జాతికి అప్పగించారు. మీటర్ గేజ్ ఇంజన్లు 1968 నుంచి అక్కడే తయారయ్యాయి. మరుసటేడాది, 1969లో, అమెరికాలో ఆల్కో ఇంజన్ల తయారీకే తాళం వేసింది. పుట్టింటి తలుపు మూసేసినా, పిల్ల మన ఇంట్లో ఇంకో ముప్పై ఏళ్లకు పైగా సంసారం చేసింది చూడండి!

పెద్దన్నకు పదహారు సిలిండర్లు, 2600 గుర్రాల బలం. మా వైడీఎం-4కు ఆరు సిలిండర్లు, 1400 గుర్రాలు, 72 టన్నుల బరువు. ఇంజన్ తిన్నగా చక్రాన్ని తిప్పుతుందనుకుంటారు చాలామంది. కాదు. అది జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటు కింద ఇరుసులకున్న ఆరు మోటార్లకు పోతుంది. అంటే మన డీజిల్ బండి, కరెంటు తానే తయారుచేసుకుంటూ నడిచే కరెంటు బండి.

నల్ల పొగ గురించి మీరెలాగూ అడుగుతారు, ముందే చెప్పేస్తాను. డ్రైవరు చేతిలో ఎనిమిది నాచ్‌లుంటాయి, బలం పెంచే మెట్లన్నమాట. ఆగిన బండిని లాగడానికి నాచ్ పెంచగానే సిలిండర్లలోకి నూనె ఎక్కువగా వెళుతుంది. కానీ గాలిని కుక్కి పంపే టర్బో, పొగ తోపుడుకే తిరిగేది కదా, అది ఊపందుకోవడానికి కాసేపు పడుతుంది. నూనె ముందొచ్చింది, గాలి వెనకబడింది. గాలి చాలని నూనె మసిగా బయటికి పోతుంది. టర్బో ఈల వినిపించేసరికి పొగ పలచబడుతుంది. ఇప్పుడు ఫొటోలు తీసేవాళ్లు ఆ పొగ చూసి "ఆహా" అంటారు. మా పోర్టరు భార్య ఆరేసిన బట్టల వైపు చూసి ఏమనేదో ఈ సభలో చెప్పలేను. (నవ్వులు)

డీజిల్ చప్పుడు లేనిదని కాదు నేను చెప్పేది. చప్పుడుంది, అదొక రకం. ఆవిరి ఇంజన్ నిలబడితే బుసకొడుతుంది, నిట్టూరుస్తుంది. ఈ ఆల్కో నిలబడితే గుర్రం ఒంటికాలు ఈడుస్తున్నట్టు, తాళం తప్పినట్టే తప్పి మళ్లీ కలిసే లయ ఒకటి, డుగ్ డుగ్ డుడుగ్ అని. ఉన్నట్టుండి రేడియేటర్ ఫ్యాను అందుకుంటే గాలివాన వచ్చినట్టు హోరు. మళ్లీ ఆగి పాత లయే. అది చెవికంటే ముందు కాళ్లకు తెలుస్తుంది. ఒకటో లైన్లో ఇంజన్ సరిగ్గా మా ఆఫీసు ఎదురుగా ఆగితే కిటికీ అద్దాలు పళ్లు కొరికేవి, టేబుల్ మీద టీ గ్లాసు మెల్లగా జరిగేది. ఎటు? ఎప్పుడూ అంచు వైపే. టేబుల్ ఆ వైపు వాలి ఉందని నేను, ఇంజన్ అటు లాగుతోందని పట్టాలు మార్చే మా పాయింట్స్‌మేన్. పన్నెండేళ్లు వాదించుకున్నాం, తేలలేదు.

క్రాసింగ్ కోసం, అంటే ఎదురు బండి దాటిపోయేదాకా, గంటా రెండు గంటలు పక్క లైన్లో పడి ఉన్నా డ్రైవర్లు ఇంజన్ ఆపేవాళ్లు కాదు. పక్క పల్లె రైతు ఒకాయన అడిగాడు, "ఏం సామీ, ఇది నిద్ర పోదా? ఊరికే నూనె తాగుతుండాదే!" సంగతేమిటంటే, దాన్ని లేపాలంటే బ్యాటరీలో సత్తువుండాలి. ఆపాక మళ్లీ లేవకపోతే, ఎక్కడో గుంతకల్లు వైపు నుంచి ఇంకో ఇంజన్ వచ్చి లాగాలి, అప్పటిదాకా సెక్షన్ అంతా పడక. పైగా మా బండ్లకు వాక్యూమ్ బ్రేకులు, గొట్టంలోంచి గాలి లాగేసి ఉంచితేనే బ్రేకు వదులుతుంది. ఇంజన్ నడుస్తుంటేనే వాక్యూమ్ నిలుస్తుంది. అందుకని ఆపి తిట్లు తినడంకంటే నడుస్తూ ఉంచడమే మేలని వాళ్ల లెక్క. ఆ ఇంజన్ ఆగే చోట పట్టాల మధ్య కంకరంతా నూనె కారి నల్లగా, మెత్తగా ఉండేది. కావాలంటే కళ్లు మూసుకుని వాసనతో చెప్పేవాణ్ణి, ఇది ఒకటో లైను, ఇది రెండో లైను అని.

మరి నిశ్శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది? ఇప్పుడు చూడండి. డీజిల్‌కు నీళ్ల ఆపు అక్కర్లేదు, పొయ్యి దులపనక్కర్లేదు, నూటయాభై కిలోమీటర్లకోసారి మార్చనక్కర్లేదు. అరగంట ఆగే బండి పది నిమిషాలే ఆగింది. గూడ్సు బండ్లయితే కొన్ని అసలు ఆగడమే మానేశాయి. ఇంజన్ మీద ముగ్గురుండే చోట ఇద్దరే, డ్రైవరు, డీజిల్ అసిస్టెంటు. ప్రతి మూడు ఉద్యోగాల్లో ఒకటి పోయింది. ఫైర్‌మేన్లలో చదువుకున్న కుర్రాళ్లు ట్రైనింగుకెళ్లి అసిస్టెంట్లయ్యారు. ముప్పై ఏళ్లు పార పట్టిన పెద్దవాళ్లకు ఆ ఇంగ్లీషు పుస్తకాలు, వైరింగు బొమ్మలు ఎక్కలేదు. కొందరు స్టేషన్లో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటింగుకు పరిమితమయ్యారు, కొందరు తొందరగా ఇంటికెళ్లిపోయారు. షెడ్డులో పని తగ్గింది, తర్వాత షెడ్డే మూశారు. ఫిట్టర్లను దూరం దూరం బదిలీ చేశారు. కాల్‌బాయ్ రిటైరయ్యాడు, ఆ పోస్టులో ఎవరినీ వెయ్యలేదు. క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. రైల్వే స్కూలు పిల్లలు పలచబడ్డారు. బూడిద గుంట దగ్గర గంపలు మాయమయ్యాయి. బత్తాయిలామె బస్టాండుకు మారింది. టర్న్‌టేబుల్ తుప్పు పట్టి పిల్లలకు రంగులరాట్నం అయింది. అది ఎంత తూకంగా కట్టారంటే, ఇంజన్‌నే నలుగురు మనుషులు తోసి తిప్పేవాళ్లు, ఇక పిల్లల బరువెంత!

ఇదంతా ఒక్క రోజులో జరగలేదు. ఏడెనిమిదేళ్లు పట్టింది, అందుకే ఎవరికీ తెలియలేదు. ఒక మధ్యాహ్నం, 1987 అనుకుంటాను, రెండు బండ్ల మధ్య నాలుగు గంటల ఖాళీ. బయటికొచ్చి నిలబడితే సిగ్నల్ తీగ ఎండకు సాగి కప్పీ మీద కిర్రుమన్న చప్పుడు వినబడింది. ఆ తీగ ఏళ్ల తరబడి కిర్రుమంటూనే ఉండాలి. నేను వినడం అదే మొదలు.

అట్లాగని డీజిల్‌ను తిట్టడానికి రాలేదు నేను. ఆవిరి మీద ప్రేమ పొంగేవాళ్లు ఒక్క మే నెలలో, మా రాయలసీమ ఎండలో, ఆ పొయ్యి ముందు నిలబడి ట్రిప్పుకు టన్నుల బొగ్గు పారతో ఎత్తిపోసి చూడాలి. ఫైర్‌మేన్ల కాళ్లు చూసినవాణ్ణి, పిక్కల మీద కాలిన మచ్చలు లేనివాడు లేడు. డీజిల్ క్యాబ్‌లో కుర్చీలో కూర్చుని మొదటిసారి డ్యూటీ చేసొచ్చిన ఒకతను నాతో అన్నాడు, "సార్, చొక్కా మాయలేదని మా ఆవిడ అనుమానపడతాంది, డ్యూటీకే పోయినానా అని." (నవ్వులు)

ఇక్కడ టోకెన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మా బతుకంతా దాని చుట్టూనే. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. దానికి రెండు చోట్లా నీల్స్ టోకెన్ పెట్టెలుంటాయి. అవతలి స్టేషన్ మాస్టరు తన వైపు నుంచి ఒప్పుకుని కరెంటు పంపితేనే మా పెట్టెలోంచి ఉక్కు గోళం ఒకటి బయటికొస్తుంది. అది బయటున్నంతసేపు రెండు పెట్టెల్లోంచీ ఇంకొకటి రాదు. ఆ గోళాన్ని తోలుసంచిలో పెట్టి, సంచిని పేము రింగుకు కట్టి డ్రైవరుకిస్తాం. అతను తీసుకెళ్లి అవతల అప్పగిస్తే, అక్కడ పెట్టెలో వేస్తేనే లైను మళ్లీ ఖాళీ అయినట్టు.

ఆవిరి రోజుల్లో అన్నీ ఆగేవి కాబట్టి చేతికి చేయి. డీజిల్ గూడ్సులు ఆగకుండా పోవడం మొదలయ్యాక అది విద్య అయింది. పరుగెత్తే ఇంజన్ నుంచి అసిస్టెంటు పాత రింగు కిందికి విసరాలి, మా పాయింట్స్‌మేన్ పైకెత్తి పట్టిన కొత్త రింగులో చెయ్యి దూర్చి లాక్కోవాలి. రాత్రిపూట, వానలో, ఊహించుకోండి. మీటర్ గేజ్ ఇంజన్‌కు క్యాబ్ ఒక్క చివరే ఉంటుంది. పొడుగు ముక్కు ముందుగా వచ్చిందంటే క్యాబ్ వెనకెక్కడో ఉంటుంది, ఎదురుచూసి ఎదురుచూసి చెయ్యి దించే సమయానికి వచ్చేది.

ఒక వానాకాలం రాత్రి ఒక గూడ్సు ఇట్లాగే దూసుకుపోయింది. కొత్త టోకెన్ అందుకున్నారు, పాతది విసిరారు. పడిన చప్పుడు వినబడింది. మనిషి వెళ్లి చూస్తే లేదు. "సార్, ఇసిరింది సూసినా, పడింది ఇన్యా, యాడికి పాయనో తెల్ల్యా" అంటాడు. హ్యాండ్ ల్యాంపులు పట్టుకుని నలుగురం తుమ్మకంపల్లో వెతికాం. గోళం పెట్టెలో పడితే గానీ లైను తెరుచుకోదు, అవతలి స్టేషన్లో ప్యాసింజర్ బండి నిండా జనం. కంట్రోలరు ఫోన్లో నా వంశం మొత్తం తలుచుకుంటున్నాడు. గంటా పది నిమిషాల తర్వాత గూడ్సు షెడ్డు కింద చీకట్లో ఏదో గీరుతున్న చప్పుడు. మా స్టేషన్ కుక్క. తోలు వాసనకు రింగుతో సహా ఈడ్చుకెళ్లి, సంచి పట్టీ సగం నమిలి, గోళాన్ని ఏం చెయ్యాలో తెలియక దాని ముందు కూర్చునుంది. తెల్లారి ఆలస్యానికి కారణం రాయమన్నారు. "టోకెన్ లభించుటలో జాప్యము" అని రాశాను. లభించింది ఎవరి దగ్గరో అడగలేదు, నేను చెప్పలేదు. (నవ్వులు, చప్పట్లు)

1992లో యూనిగేజ్ అన్నారు, దేశమంతా ఒకే వెడల్పు పట్టాలని. మీటర్ గేజ్ అంటే పట్టాల మధ్య సరిగ్గా 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్ అంటే 1676. ఆ తేడా ఉన్నంతకాలం జంక్షన్లలో మూటలు ఈ వ్యాగన్లోంచి ఆ వ్యాగన్లోకి మోయాల్సిందే. కాబట్టి మార్పు మంచిదే, దానికి ఏడవను. నల్లమలలో చలమ, బొగద మధ్య పాత దొరబావి వంతెన చూశారా ఎవరైనా? బ్రాడ్ గేజ్‌కు వేరే దారి వేశాక దాన్ని అడవికి వదిలేశారు. ఆ వంతెన మీద రెండేసి ఇంజన్లు లాగుతుంటే విన్నవాళ్లు మీలో ఉంటే తర్వాత నన్ను కలవండి.

మా లైను మూసినప్పుడు వైడీఎం-4లు తమ కాళ్ల మీద వెళ్లలేదు. చుట్టూ బ్రాడ్ గేజ్ అయిపోయింది, పోవడానికి పట్టా లేదు. పెద్ద పట్టాల వ్యాగన్ మీద ఎక్కించి, చక్రాలకు చెక్క దిమ్మలు కొట్టి, గొలుసులతో కట్టి తీసుకెళ్లారు. జీవితమంతా బండ్లు లాగిన ఇంజన్ తానే సరుకై వెళ్లడం చూశాను. చిన్న లైన్లు మిగిలిన చోట్లకు కొన్ని పోయాయి, కొన్ని తుక్కు కింద పోయాయి.

ఈ రకం ఇంజన్లలో కొన్నింటిని మన దేశం బయటి దేశాలకూ పంపింది. మలేసియా, టాంజానియా, బర్మా, అక్కడా మీటర్ గేజ్ పట్టాలున్నాయి. మొన్న మా మనవడు ఫోన్లో బర్మా వీడియో ఒకటి చూపించాడు. ఎవరో పర్యాటకుడు తీసింది. చిన్న స్టేషను, పేరు చదవలేకపోయాను. రంగు మార్చారు గానీ అదే ముక్కు, అదే డుగ్ డుగ్ డుడుగ్. ఇంజన్ ఆఫీసు గది ఎదురుగా నిలబడి ఉంది. కిటికీలోంచి టేబుల్ మూల కనబడుతోంది, దాని మీద ఒక గ్లాసు. "తాతా, ఇంజన్ చూడు" అంటాడు వాడు. నేను గ్లాసు చూస్తున్నాను. వీడియో అయిపోయేలోపు రెండంగుళాలు జరిగింది, అంచు వైపు.